మంత్రానికి వెల కట్టండి: ఫాంటసీ ఆర్పీజీలో మ్యాజిక్‌కి హౌస్ రూల్స్ రాసుకోవడం ఎలా

మీరు ఆర్పీజీ ఆడుతున్నారు, అంటే తలా ఒక పాత్ర ధరించి, టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో కథ నడిపే ఆట. రూల్‌బుక్‌లో ఉన్న మ్యాజిక్ మీ కథకి సరిపోవడం లేదు, హౌస్ రూల్స్‌తో, అంటే మీ గ్రూపు సొంతంగా పెట్టుకునే నియమాలతో, ఏదో ఒకటి మార్చాలి అనిపిస్తోంది. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఒక స్పెల్‌ని (మంత్రాన్ని) బ్యాన్ చేస్తారు, ఇంకోదానికి డ్యామేజ్ తగ్గిస్తారు, ఎక్కడో చూసిన ఫంబుల్ టేబుల్ (మంత్రం బెడిసికొడితే ఏం జరుగుతుందో చెప్పే పట్టిక) తెచ్చి తగిలిస్తారు. నెల తిరిగేసరికి ఎవరికీ పూర్తిగా గుర్తుండని రూల్స్ ఓ డజను పోగవుతాయి. అలా కాకుండా ముందు ఒకే ప్రశ్నకి జవాబు తేల్చుకోండి: మీ ప్రపంచంలో మంత్రం వేసేవాళ్లు దానికి ఏం చెల్లిస్తారు? అది తేలితే మిగతా రూల్స్ దాని వెనకే వస్తాయి. అది తేలకుండా ఏం మార్చినా అతుకులబొంతే.

ఉదాహరణలు ఎక్కువగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నుంచి, 2014 పుస్తకాల ప్రకారం తీసుకున్నాను. మీరు వేరే గేమ్ ఆడుతుంటే అంకెలు మారతాయి గానీ పని చేసే వరస ఇదే.

1. ఇబ్బంది ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి

"మ్యాజిక్ మరీ ఓవర్ పవర్డ్" అని రాస్తే పనికిరాదు. రేపు రూల్ మార్చాక ఆ ఇబ్బంది పోయిందో లేదో దాన్ని బట్టి చెప్పలేరు. టేబుల్ దగ్గర కళ్లకి కనిపించిన సంగతి రాయండి. ఉదాహరణకి ఈ మూడూ చూడండి. (విజార్డ్ అంటే మాంత్రికుడు, ఫైటర్ అంటే కత్తి పట్టేవాడు, గుడ్‌బెర్రీ అంటే కడుపు నింపే పళ్లు పుట్టించే స్పెల్.)

"ఐదో లెవెల్ వచ్చాక విజార్డ్ వేసే మొదటి స్పెల్‌తోనే ఫైట్ అయిపోతోంది, ఫైటర్ వంతు వచ్చేసరికి కొట్టడానికి ఎవరూ మిగలడం లేదు."

"ఎడారి దాటే కథ పెట్టాను, కానీ గుడ్‌బెర్రీ ఉండటంతో తిండి గురించి ఎవరికీ బెంగ లేదు."

"మంత్రం వేయడం లైటు స్విచ్ నొక్కినట్టుంది. వేసేవాళ్లకి భయం లేదు, చూసేవాళ్లకి ఆశ్చర్యం లేదు."

మొదటిది బలాబలాల గొడవ. రెండోది ఒకే ఒక్క స్పెల్‌తో వచ్చిన చిక్కు. ఆ స్పెల్‌కి కావలసిన వస్తువు వేసిన ప్రతిసారీ ఖర్చయ్యేలా పెట్టి, అది దొరకడం కష్టం చేస్తే చాలు, మొత్తం వ్యవస్థని కదపక్కర్లేదు. మూడోది వాతావరణానికి సంబంధించింది, డ్యామేజ్ ఎంత తగ్గించినా అది తీరదు. ఒకదానికి వేయాల్సిన మందు ఇంకోదానికి వేస్తే రోగం తగ్గదు సరికదా, బాగున్నది కూడా పాడవుతుంది.

మొదటి రకం ఫిర్యాదు మీదైతే, రూల్ రాసే ముందు ఒకటి చూసుకోండి. ఆట నడిపే డంజన్ మాస్టర్ (డీఎం) కోసం రాసిన 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ అంచనా ప్రకారం ఒక పార్టీ (కలిసి తిరిగే క్యారెక్టర్ల జట్టు) రోజుకి ఆరు నుంచి ఎనిమిది మీడియం లేదా హార్డ్ ఎన్‌కౌంటర్లు (శత్రువులతో తలపడే సందర్భాలు) తట్టుకోగలదు. చాలా టేబుళ్ల దగ్గర కథలో ఒక రోజుకి ఒకటో రెండో జరుగుతాయి, ఆ వెంటనే లాంగ్ రెస్ట్, అంటే ఖర్చయిన శక్తి తిరిగి వచ్చే పెద్ద విశ్రాంతి. ఎనిమిది ఫైట్లకి పంచుకోవాల్సిన స్లాట్లన్నీ (స్లాట్ అంటే ఒక స్పెల్ వేసే అవకాశం) విజార్డ్ ఒక్క ఫైట్‌లో కుమ్మరిస్తుంటే తప్పు స్పెల్స్‌ది కాదు, విశ్రాంతిది. దీనికి ఆ గైడ్‌లోనే ఒక ఆప్షనల్ రూల్ ఉంది: షార్ట్ రెస్ట్ ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు. ప్రయాణాలు, రాజకీయాలు ఎక్కువగా ఉండే క్యాంపెయిన్‌కి (సెషన్ల తరబడి సాగే కథకి) ఇది చాలా చక్కగా పనిచేస్తుంది. దీనివల్ల వచ్చే మార్పులు కూడా తెలుసుకుని పెట్టుకోండి. మేజ్ ఆర్మర్ (మాంత్రికుడికి కవచంలా పనిచేసే స్పెల్) నిలిచేది ఎనిమిది గంటలే కాబట్టి దానికి పెట్టిన స్లాట్ బాగా ఖరీదైపోతుంది. టైనీ హట్ (పార్టీ తలదాచుకునే గూడు కట్టే స్పెల్) కూడా ఎనిమిది గంటలే, కాబట్టి వారం రోజుల విశ్రాంతికి అది కాపలా కాయలేదు. పార్టీ ఊరు వెతుక్కోవాలి, ఇల్లు వెతుక్కోవాలి, ఎవరినో నమ్మాలి. మీకు కావలసింది ఇదే అయితే కొత్త రూల్ అక్కర్లేదు, ఇక్కడితో ఆపేయవచ్చు.

2. ఖర్చు ఏ రూపంలో ఉండాలో ఎంచుకోండి

అసలు పని ఇక్కడ ఉంది, తీరిగ్గా ఆలోచించండి.

అన్నిటికంటే పాత రూపం లెక్కపెట్టి ఇవ్వడం. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పటి నుంచీ ఉన్నది ఇదే: రోజుకి ఇన్ని మంత్రాలు, వేస్తే అయిపోతాయి. వేయగానే మంత్రం మనసులోంచి చెరిగిపోతుందన్న ఆలోచన ఫాంటసీ రచయిత జాక్ వాన్స్ కథల నుంచి వచ్చింది. ఈ పద్ధతిలో ప్లేయర్ ఆలోచన ఎప్పుడూ "ఇప్పుడు వాడనా, దాచుకోనా" అన్నదాని చుట్టూ తిరుగుతుంది. జాగ్రత్తపరులకి నచ్చుతుంది. కానీ ఇందులో భయం పుట్టదు, ఎందుకంటే స్లాట్ అయిపోవడం వల్ల ఎవరికీ నొప్పి లేదు.

రెండోది పాయింట్ల కుండ. స్లాట్లు తీసేసి మొత్తం ఒక అంకెగా ఇస్తారు, స్పెల్ పెద్దదైతే ఎక్కువ పాయింట్లు పోతాయి. వినడానికి ఇది స్లాట్లకి సమానంగానే అనిపిస్తుంది. కాదు, లెక్క చూడండి. డంజన్ మాస్టర్స్ గైడ్‌లోని స్పెల్ పాయింట్స్ రూల్ ప్రకారం ఐదో లెవెల్ విజార్డ్‌కి 27 పాయింట్లు వస్తాయి. క్యారెక్టర్లకి ఉన్నట్టే స్పెల్స్‌కి కూడా వాటి సొంత లెవెల్స్ ఉంటాయి: మొదటి లెవెల్ స్పెల్‌కి 2, రెండో లెవెల్‌కి 3, మూడో లెవెల్‌కి 5. అతని మామూలు స్లాట్లు వరసగా నాలుగు, మూడు, రెండు. 8, 9, 10 కలిపితే సరిగ్గా 27. కానీ స్లాట్లతో రోజుకి రెండు ఫైర్‌బాల్స్ (మూడో లెవెల్ అగ్నిగోళం స్పెల్) వేసేవాడు పాయింట్లతో ఐదు వేసి, ఇంకో మొదటి లెవెల్ స్పెల్‌కి సరిపడా మిగుల్చుకుంటాడు. మొత్తం మారలేదు, దాన్ని ఎలాగైనా ఖర్చుపెట్టుకునే స్వేచ్ఛ వచ్చింది. ఆ స్వేచ్ఛే బలం. అందుకే ఆ రూల్ రాసినవాళ్లు ఆరో లెవెల్, ఆపై స్పెల్స్‌ని ఒక్కో లెవెల్‌కి రోజుకి ఒక్కసారే అని కట్టేశారు. విజార్డ్ ఇప్పటికే ఎక్కువైపోయాడని బాధపడుతున్న టేబుల్‌కి పాయింట్లు తెస్తే మంట మీద నెయ్యి పోసినట్టే.

మూడోది ఒంటి మీద పడే ఖర్చు. గర్ప్స్ అనే గేమ్‌లో మంత్రం వేస్తే అలసట పాయింట్లు పోతాయి. 1989లో వచ్చిన షాడోరన్‌లో డ్రెయిన్ అని ఉంటుంది: వేసిన ప్రతిసారీ ఆ దెబ్బని తట్టుకోవాలి. డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో స్పెల్‌బర్న్ ఉంది: తన బలాన్నో, చురుకుదనాన్నో కరిగించుకుని మాంత్రికుడు రోల్ పెంచుకుంటాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ రకమే. నిర్ణయం ప్లేయర్ చేతిలో ఉంటుంది, నొప్పి వాళ్లకే తగులుతుంది, పక్కన ఆడేవాళ్లకి ఆ తెగింపు కనబడుతుంది.

నాలుగోది మనసు మీద పడేది. కాల్ ఆఫ్ క్తుల్హు అనే హారర్ గేమ్‌లో మంత్రాలు శానిటీని (మతిస్థిమితాన్ని) తినేస్తాయి. హారర్ కథకి ఇంతకంటే మంచిది లేదు. సాహసాల క్యాంపెయిన్‌కి మాత్రం తీసుకురాకండి. నాలుగు నెలలు ప్రేమగా పెంచుకున్న క్యారెక్టర్, తన క్లాస్‌కి (విజార్డ్, ఫైటర్ లాంటి వర్గానికి) సహజమైన పని చేస్తున్నందుకు రోజురోజుకీ పాడైపోతుంటే ప్లేయర్‌కి బాధే మిగులుతుంది.

ఐదోది వస్తువులు, డబ్బు. చనిపోయినవాళ్లని బతికించే స్పెల్స్‌లో రివివిఫైకి 300 బంగారు నాణేల విలువైన వజ్రాలు కావాలి, రెయిజ్ డెడ్‌కి 500 విలువైన వజ్రం కావాలి. పార్టీ పేదగా ఉన్నంతకాలం ఇది గట్టి ఖర్చు. ఒక డ్రాగన్ గుహ దోచుకున్నాక ఇది ఖర్చే కాదు. ఈ దారి ఎంచుకుంటే ధర పెంచకండి, దొరకడం తగ్గించండి. "ఈ రాజ్యంలో వజ్రాలు ఆలయానికి తప్ప అమ్మరు" అని ఒక్క మాట అంటే ఆలయంతో సంబంధం, అప్పు, మొహమాటం అన్నీ కథలోకి వస్తాయి.

ఆరోది సమయం. ఐదో ఎడిషన్‌లో రిచువల్‌గా వేస్తే స్లాట్ పోదు, పది నిమిషాలు అదనంగా పడుతుంది. తలుపు అవతల శత్రువు ఉన్నప్పుడు పది నిమిషాలంటే చాలా ఎక్కువ, ఖాళీ సాయంత్రం పూట ఏమీ కాదు. కాబట్టి సమయాన్ని ఖర్చుగా పెట్టిన డీఎం గడియారం తిరుగుతోందని ప్రతి సీన్‌లో గుర్తుచేస్తూ ఉండాలి. మీకు ఆ అలవాటు లేకపోతే దీన్ని వదిలేయండి.

చివరిది ప్రమాదం: మంత్రం బెడిసికొట్టవచ్చు. అందరికీ ముందు ఇదే తడుతుంది. దీని లెక్క కొంచెం లోతుగా చూడాలి, తర్వాతి మెట్టంతా అదే.

వీటిలో ఒక్కటే తీసుకోండి. స్లాట్ కూడా పోవాలి, అలసట కూడా రావాలి, పైగా బెడిసికొట్టాలి అంటే ప్లేయర్ మంత్రం వేయడం మానేసి క్రాస్‌బో పట్టుకుంటారు. ఉన్న స్లాట్లు ఉంచేసి, అవి అయిపోయాక మాత్రమే కొత్త ఖర్చు మొదలయ్యేలా పెట్టడం మంచి మధ్యేమార్గం.

ఇక్కడే ఇంకో మాట. "కాన్సన్‌ట్రేషన్ తీసేద్దాం, విసుగు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. ఒకేసారి ఒక్క పెద్ద స్పెల్‌నే పట్టుకోగలగడం, దెబ్బ తగిలితే 10 లేదా డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే దాని మీద సేవ్ (తట్టుకోగలరా అని పాచిక వేసి చూడటం) చేయాల్సిరావడం కూడా ఖర్చే. ఆ దెబ్బ తగలకుండా అడ్డం నిలబడటమే ఫైటర్‌కి ఆ ఫైట్‌లో ఉన్న గౌరవం. అది తీసేస్తే ఇద్దరికీ మధ్య ఉన్న బంధం తెగిపోతుంది.

3. డైస్ లెక్క వేయండి

"డి20 (ఇరవై ముఖాల పాచిక) మీద 1 పడితే మంత్రం బెడిసికొడుతుంది, ఐదు శాతమే కదా" అంటారు. ఒక్కసారికి ఐదు శాతమే. ఇద్దరు మాంత్రికులు ఒక సెషన్‌లో తలా పదిసార్లు వేస్తే, కనీసం ఒక్కసారైనా బెడిసికొట్టే అవకాశం 64 శాతం. అంటే మీ టేబుల్‌లో ఇది అరుదైన సంఘటన కాదు, దాదాపు ప్రతి సెషన్‌లో వచ్చే మామూలు వ్యవహారం. ఆ దృష్టితో మీ ఫంబుల్ పట్టికలోని ఫలితాలు మళ్లీ చదవండి. ప్రతి సెషన్‌లో చూడాలనిపించేవే అందులో ఉన్నాయా?

ఐదో ఎడిషన్‌లో అధికారికంగా ఉన్న వైల్డ్ మ్యాజిక్ పట్టికనే (అదుపు తప్పిన మంత్రం ఏం చేస్తుందో చెప్పేది) తీసుకోండి. అందులో ఒక ఫలితం: సోర్సరర్ (ఇంకో రకం మాంత్రికుడు) తన మీదే ఫైర్‌బాల్ వేసుకోవడం. 8డి6, అంటే ఆరు ముఖాల పాచికలు ఎనిమిది, సగటున 28 డ్యామేజ్. మొదటి లెవెల్ సోర్సరర్‌కి కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) +2 ఉన్నా హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలడో చెప్పే అంకె) 8. సేవ్ తప్పితే, ఆ 8 పోగా మిగిలే 20 అతని గరిష్ఠ హిట్ పాయింట్ల కంటే ఎక్కువ కాబట్టి అక్కడికక్కడే మరణం. సేవ్ నెగ్గినా 14, స్పృహ తప్పుతుంది. ఇరవై అడుగుల లోపు ఉన్న స్నేహితులదీ దాదాపు అదే గతి. అది రావడానికి డి20 మీద 1 పడాలి, ఆపైన డి100 మీద రెండు అంకెల్లో ఒకటి పడాలి, అంటే రోల్ అడిగిన ప్రతి వెయ్యిసార్లకి ఒకసారి. అంత అరుదు కాబట్టి ఆ పట్టిక నడుస్తోంది. "సరదాగా ఉంటుంది" అని మీరు డి20 మీద 1 నుంచి 4 వరకు పెంచితే అది రెండు వందల యాభైకి ఒకసారి అవుతుంది. ఒక క్యాంపెయిన్ జీవితకాలంలో అది వచ్చి తీరుతుందనే అనుకోవాలి.

ప్రమాదాన్ని అందంగా పెట్టిన గేమ్ చూడాలంటే 2005 నాటి వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే రెండో ఎడిషన్ చూడండి. మంత్రం వేయడానికి డి10లు విసరాలి, ఎన్ని విసరాలన్నది తన శక్తి మేరకు మాంత్రికుడి ఇష్టం. ఒకే అంకె రెండు డైస్ మీద పడితే చిన్న వికారం, మూడింటి మీద పడితే పెద్దది, నాలుగింటి మీద పడితే ఘోరం. రెండు డైస్ విసిరితే జత పడే అవకాశం 10 శాతం, మూడు విసిరితే 28, నాలుగు విసిరితే దాదాపు 50. పెద్ద మంత్రం కావాలంటే ఎక్కువ డైస్ కావాలి, ఎక్కువ డైస్ పట్టుకుంటే ప్రమాదం దానంతటదే పెరుగుతుంది. ఎంత దురాశకి పోవాలో చేతిలో డైస్ లెక్కపెట్టుకుంటూ ప్లేయరే తేల్చుకుంటారు. మీరు ప్రమాదం దారిలో వెళ్తుంటే ఈ గుణం మాత్రం అరువు తెచ్చుకోండి: ముప్పు ఎంతో ప్లేయర్ ముందే చూసి, తగ్గించుకునే వీలుండాలి.

క్యాంట్రిప్స్‌ని (స్లాట్ ఖర్చు లేని చిన్న మంత్రాలని) ప్రమాదం నుంచి మినహాయించండి. అవి వాళ్లకి కత్తి లాంటివి, ప్రతి రౌండ్ వేస్తారు. ఫైటర్ కత్తి తిప్పిన ప్రతిసారీ చెయ్యి తెగే రూల్ మీరు పెట్టరు కదా.

4. రూల్‌ని నాలుగైదు వాక్యాల్లో రాయండి

ఇప్పుడు ఒక రూల్ మొదటి నుంచి రాసి చూద్దాం. మన ఫిర్యాదు మూడోది అనుకుందాం: మంత్రంలో తెగింపు కనబడటం లేదు. ఖర్చు ఒంటి మీద పడాలని ఎంచుకున్నాం. ఐదో ఎడిషన్‌లో ఒంటికి సంబంధించి అప్పటికే ఉన్న నిల్వ హిట్ డైస్, అంటే షార్ట్ రెస్ట్‌లో ఖర్చుపెట్టి హిట్ పాయింట్లు తిరిగి తెచ్చుకునే పాచికలు. కొత్త పాయింట్లు కనిపెట్టడం కంటే క్యారెక్టర్ షీట్ మీద ఉన్నదాన్ని వాడుకోవడం ఎప్పుడూ మేలు, రాసుకోవడానికి కొత్త గడి అక్కర్లేదు.

మొదటి ప్రతి ఇది: "స్లాట్లు అయిపోయాక కూడా స్పెల్ వేయవచ్చు. స్పెల్ లెవెల్ ఎంతో అన్ని హిట్ డైస్ ఖర్చుపెట్టి రోల్ చేయండి. వచ్చిన మొత్తం మీ హిట్ పాయింట్లలోంచి పోతుంది."

బాగానే ఉంది, కానీ కన్నాలున్నాయి. "స్లాట్లు అయిపోయాక" అంటే అన్నీనా, ఆ లెవెల్‌వేనా? అన్నీ అంటే, మూడో లెవెల్ స్పెల్ కావాల్సిన మనిషి మిగిలిన చిన్న స్లాట్లని ఊరికే తగలేస్తారు. కాబట్టి "ఆ లెవెల్‌వి గానీ అంతకంటే పైవి గానీ స్లాట్లు మిగలకపోతే" అని రాయాలి. నొప్పి ముందా, స్పెల్ ముందా? స్పెల్ ముందే ఉండాలి. ఎనిమిది హిట్ పాయింట్లు మిగిలిన విజార్డ్ ఫైర్‌బాల్ వేసి, డైస్ మీద 12 పడి కుప్పకూలిపోవడం, ఆ మంట మాత్రం శత్రువుల మీద పడటం. ఈ రూల్ రాసింది ఆ క్షణం కోసమే. టెంపరరీ హిట్ పాయింట్లు (అసలువాటి కంటే ముందు పోయే తాత్కాలిక పాయింట్లు) ఆ నొప్పిని ఆపుతాయా? ఆపితే ఖర్చు ఖర్చులా ఉండదు. ఈ దెబ్బకి కాన్సన్‌ట్రేషన్ సేవ్ చేయాలా? చేయించకండి, అది రెండో ఖర్చవుతుంది, ఒక్కటే చాలు అనుకున్నాం.

సరిచేసిన ప్రతి: "ఒక లెవెల్‌వి గానీ అంతకంటే పైవి గానీ స్లాట్లు మిగలనప్పుడు, మీరు సిద్ధం చేసుకున్న ఆ లెవెల్ స్పెల్‌ని హిట్ డైస్‌తో వేయవచ్చు. స్పెల్ లెవెల్ ఎంతో అన్ని హిట్ డైస్ ఖర్చవుతాయి. స్పెల్ ఫలితం తేలాక ఆ డైస్ రోల్ చేయండి, అన్ని హిట్ పాయింట్లు పోతాయి. దీన్ని తగ్గించడం, టెంపరరీ హిట్ పాయింట్ల మీదకి నెట్టడం కుదరదు. దీనికి కాన్సన్‌ట్రేషన్ సేవ్ ఉండదు. ఐదో లెవెల్‌కి మించిన స్పెల్స్‌కి ఇది వర్తించదు."

చివరి వాక్యం ఎక్కడి నుంచి వచ్చింది? పదిహేడో లెవెల్ విజార్డ్‌కి పదిహేడు హిట్ డైస్ ఉంటాయి. హద్దు లేకపోతే తొమ్మిది డైస్ పెట్టి, సగటున 31 హిట్ పాయింట్లు పోగొట్టుకుని, తొమ్మిదో లెవెల్ స్పెల్ అయిన విష్‌ని ఇంకోసారి వేసేస్తాడు. ఆ స్థాయి స్పెల్‌కి ఆ ధర చాలా చవక. కొత్త రూల్‌ని మీరు ఇప్పుడు ఆడుతున్న లెవెల్ దగ్గర మాత్రమే కాకుండా చిట్టచివరి లెవెల్ దగ్గర కూడా పెట్టి చూడాలి.

ఇప్పుడు ధర సరిగ్గా ఉందో లేదో చూద్దాం. ఐదో లెవెల్ విజార్డ్, కాన్‌స్టిట్యూషన్ +2, సగటు లెక్కన 32 హిట్ పాయింట్లు. అదనపు ఫైర్‌బాల్ ఒకటి వేస్తే ఐదు హిట్ డైస్‌లో మూడు పోతాయి, సగటున పది హిట్ పాయింట్లు పోతాయి, అంటే ఒంట్లో మూడోవంతు. 2014 రూల్స్‌లో లాంగ్ రెస్ట్‌కి మొత్తంలో సగం హిట్ డైసే తిరిగి వస్తాయి, ఐదుకి రెండు. రోజూ ఒకటి చొప్పున వేస్తే మూడు రోజులు వేయగలడు, నాలుగో రోజు రెండే ఉంటాయి కాబట్టి వేయలేడు. పైగా షార్ట్ రెస్ట్‌లో కోలుకోవడానికి అతని దగ్గర పెద్దగా ఏమీ మిగలదు. నా దృష్టిలో ఇది సరైన ధర. మీరు 2024 రూల్స్ ఆడుతుంటే లాంగ్ రెస్ట్‌తో హిట్ డైస్ అన్నీ తిరిగి వచ్చేస్తాయి. అప్పుడు ఇదే రూల్ బాగా చవకైపోతుంది, "ఇలా ఖర్చుపెట్టిన డైస్ మాత్రం రోజుకి రెండే తిరిగి వస్తాయి" లాంటిది ఏదో చేర్చుకోవాలి.

5. విరగ్గొట్టి చూడండి

మీ టేబుల్‌లో రూల్స్‌లో కన్నాలు వెతకడంలో చెయ్యి తిరిగినవాళ్లు ఒకరుంటారు. వాళ్లకి భయపడకుండా ముందు వాళ్లకే చూపించండి. "దీన్ని ఎలా వాడుకుంటావు?" అని అడగండి. ఆ ప్రశ్న వాళ్లకి గౌరవం, మీకు ఉచిత పరీక్ష.

వాళ్లు మొట్టమొదట పట్టుకునేది హీలింగ్‌ని. హిట్ పాయింట్లు ఖర్చుపెట్టి హిట్ పాయింట్లు కొనగలిగితే ఎక్కడో లాభం మిగలవచ్చు. చూడండి: క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి) ఒక హిట్ డై పెట్టి సగటున 4.5 పోగొట్టుకుని క్యూర్ వూండ్స్ (గాయాలు మాన్పే స్పెల్) వేస్తే, విజ్డమ్ +4 తో సగటున 8.5 ఇస్తుంది. లాభం 4. అదే డైని షార్ట్ రెస్ట్‌లో వాడుకుంటే కాన్‌స్టిట్యూషన్ +2 తో 6.5 వచ్చేది. కాబట్టి తీరిక ఉన్నప్పుడు ఇది నష్టం, ఫైట్ మధ్యలో స్నేహితుడు పడిపోయినప్పుడు మాత్రం విలువైనది. మనకి కావలసింది అదే. డ్రూయిడ్ (ప్రకృతి శక్తితో మంత్రాలు వేసేవాడు) గుడ్‌బెర్రీ వేసినా పది బెర్రీలకి పది, లాభం 5.5, ఇంకా 6.5 కంటే తక్కువే. కానీ హీలింగ్‌ని పెంచే లైఫ్ డొమైన్ క్లెరిక్‌గా ఒక లెవెల్ తీసుకున్న డ్రూయిడ్ చేతిలో 2014 రూల్స్ ప్రకారం ఒక్కో బెర్రీ నాలుగు ఇస్తుంది, మొత్తం నలభై. అక్కడ రూల్ విరిగింది. అలాంటి క్యారెక్టర్ మీ టేబుల్‌లో లేకపోతే రూల్ మార్చకండి, ఊరికే బరువెక్కుతుంది. ఉంటే "ఈ పద్ధతిలో గుడ్‌బెర్రీ వేయకూడదు" అని ఒక్క వాక్యం చేర్చండి.

తర్వాత శత్రువుల వైపు నుంచి చూడండి. చాలామంది మరిచిపోయే భాగం ఇది. శత్రువుల వివరాలుండే మాన్‌స్టర్ మాన్యువల్‌లోని ఆర్చ్‌మేజ్ అనే మహామాంత్రికుడికి 18 హిట్ డైస్ ఉంటాయి. రేపటి గురించి ఆలోచించాల్సిన పని అతనికి లేదు, ఈ ఫైట్‌లో చచ్చిపోవడానికే వచ్చాడు. రేపన్నది లేనివాడికి హిట్ డైస్ పోవడం ఖర్చే కాదు, ఉన్నవన్నీ పెట్టి కాల్చేస్తాడు. అందుకని శత్రువులకి ఈ రూల్ ఇవ్వకండి, లేదా ముఖ్యమైన విలన్‌కి ఒకే ఒక్కసారి ఇవ్వండి. ఆ ఒక్కసారి ఇచ్చినప్పుడు మాత్రం అతని ముక్కులోంచి రక్తం కారడం, కాళ్లు తడబడటం ప్లేయర్లకి చెప్పండి. తాము చెల్లిస్తున్న వెలే అతనూ చెల్లిస్తున్నాడని వాళ్లకి తెలియాలి.

మంత్రం వేయనివాళ్లని కూడా అడగండి. ఈ రూల్ విజార్డ్‌కి కొత్తగా ఒకటి ఇచ్చింది, ఫైటర్‌కి, రోగ్‌కి ఏమీ ఇవ్వలేదు. వాళ్లు పరవాలేదంటే వదిలేయండి. మొహం చిన్నబుచ్చుకుంటే, వాళ్లు కూడా ఒక హిట్ డై ఖర్చుపెట్టి తప్పిన సేవ్‌కి ఆ రోల్‌ని కలుపుకోవచ్చు అని పెట్టవచ్చు. హిట్ డైస్ అందరికీ ఉంటాయి కాబట్టి అదే ఖర్చు వాళ్లకీ పనిచేస్తుంది.

సొంతంగా కొత్త స్పెల్ రాయాలనుకునేవాళ్లకి ఒక ముక్క. డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఏ లెవెల్ స్పెల్‌కి ఎంత డ్యామేజ్ ఉండాలో పట్టిక ఉంది. మూడో లెవెల్‌లో ఒకరిని కొట్టేదానికి 5డి10, పలువురిని కొట్టేదానికి 6డి6. ఫైర్‌బాల్ 8డి6, అంటే ఆ పట్టిక చెప్పేదాని కంటే సగటున ఏడు ఎక్కువ. కాబట్టి మీ స్పెల్‌ని ఫైర్‌బాల్ పక్కన పెట్టి పోల్చకండి, పట్టికతో పోల్చండి.

6. టేబుల్ ముందు పెట్టండి

రూల్ ఒక పేజీ దాటకూడదు. దాటిందంటే ఖర్చు ఒకటి కాదు, రెండు మూడు కలిసిపోయి ఉంటాయి, మళ్లీ రెండో మెట్టుకి వెళ్లండి. పేజీ పైన మీరు మొదట రాసుకున్న ఆ ఒక్క వాక్యం, అంటే ఫిర్యాదు, ఉండాలి. దేనికోసం మార్చారో ప్లేయర్లకి తెలిస్తే రూల్‌లో రాయని సందర్భం వచ్చినప్పుడు వాళ్లే సరైన అర్థం చెబుతారు.

సెషన్ మొదలయ్యే ముందు కాదు, రెండు మూడు రోజుల ముందే పంపండి. కొందరు గ్రూపులో అందరి ముందూ కాదనలేరు, విడిగా అడిగితేనే చెబుతారు. ముఖ్యంగా ఈ రూల్ వల్ల ఎవరి క్యారెక్టర్ బలహీనపడుతుందో వాళ్లతో ముందు మాట్లాడండి. వాళ్లు ఇష్టపడి ఎంచుకున్న స్పెల్ విలువ తగ్గిపోతుంటే, దాన్ని వేరే స్పెల్‌తో మార్చుకునే అవకాశం ఇవ్వండి. క్లాసే మార్చుకుంటామన్నా ఒప్పుకోండి. మధ్యలో ఆట మార్చింది మీరు కాబట్టి ఆ భారం మీరే మోయాలి.

మూడు సెషన్లు ప్రయోగం అని ముందే చెప్పేయండి. ఈలోగా ఫైట్ మధ్యలో అనుమానం వస్తే ఆ క్షణానికి ప్లేయర్‌కి అనుకూలంగా తీర్పు చెప్పి ముందుకెళ్లండి, రూల్‌ని సెషన్ అయ్యాక సరిచేయండి. డైస్ పడ్డాక రూల్ మారిస్తే నమ్మకం పోతుంది, పోయిన నమ్మకం ఏ రూల్‌తోనూ రాదు.

ఆడుతున్నప్పుడు ఒక మూల గీతలు పెట్టుకుంటూ ఉండండి: రూల్ ఎన్నిసార్లు వాడారు, వాడాలా వద్దా అని ఎన్నిసార్లు ఆగి ఆలోచించారు. "బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, గీతలైతే ఉన్నదున్నట్టు చెబుతాయి. మూడు సెషన్లలో ఒక్కసారీ వాడకపోతే ధర ఎక్కువ, లేదా రూల్ ఉందనే సంగతి మరిచిపోయారు. ఏదో కనుక్కోండి. అవకాశం దొరికిన ప్రతిసారీ తడుముకోకుండా వాడేస్తుంటే ధర తక్కువ. ఎక్కువసార్లు ఆగి, పక్కవాళ్ల మొహం చూసి, కొన్నిసార్లు వేసి కొన్నిసార్లు మానుకుంటుంటే ధర కుదిరింది.

కుదరకపోతే ఒక్క అంకె మార్చండి. మన ఉదాహరణలో అయితే హిట్ డైస్ సంఖ్యని స్పెల్ లెవెల్ కంటే ఒకటి పెంచడమో తగ్గించడమో. రెండు అంకెలు ఒకేసారి మారిస్తే దేనివల్ల మార్పు వచ్చిందో తెలియదు. మార్చిన తేదీ, పాత అంకె, కొత్త అంకె ఆ పేజీ అడుగున రాసి, మళ్లీ మూడు సెషన్లు ఆడించండి.